నానమ్మ ఇచ్చిన మీనా పని ఉంగరం విదేశానికి తీసుకెళ్తున్నారా? ‘పురావస్తువు కాదు’ సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఇలా

పైన పోల్కీ (సానపట్టని) వజ్రాలు, వెనక ఎరుపు, పచ్చ మీనా, అంటే ఎనామిల్ పూత. అమెరికా వెళ్తున్న మనవరాలికి నానమ్మ తన వేలి నుంచి తీసి పెట్టిన బంగారు ఉంగరం. ‘వందేళ్ల నాటిది’ అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఎయిర్‌పోర్టులో ఆ మాటే చిక్కు తెస్తుంది.

పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం వందేళ్లు నిండిన కళాకృతి ఏదైనా పురావస్తువే. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది నియమించిన సంస్థకే ఉంది. సొంత నగేనన్నా, అమ్మకానికి కాదన్నా మనకు అనుమతి రాదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, పైగా జరిమానా. అందుకే మనం అడగాల్సింది అనుమతి కాదు, ‘ఇది పురావస్తువు కాదు’ అని చెప్పే నాన్ యాంటిక్విటీ సర్టిఫికెట్.

ఇచ్చేది భారత పురావస్తు సర్వేక్షణ శాఖ. దరఖాస్తు ఫారం, ఎన్ని ఫోటోలు కావాలన్నది హైదరాబాద్ సర్కిల్ కార్యాలయంలో ముందే కనుక్కోండి. గుర్తింపు కార్డు, ఉన్నంతలో పాత బిల్లు, పెళ్లి ఫోటో, వీలునామా నకలు దగ్గర పెట్టుకోండి. నిపుణులు వస్తువును చూసే తేలుస్తారు కాబట్టి ఉంగరం వెంట ఉండాలి.

ఫోటోల్లో చాలామంది రాళ్ల వైపే తీసి ఊరుకుంటారు. వెనక మీనా, ఉంగరం లోపలి వైపు, ఊడిన పెచ్చు కూడా దగ్గరగా తీయండి. మెరవాలని ముందే కంసాలికిచ్చి పాలిష్ పెట్టించకండి. మీనా పెచ్చులూడుతుంది, పోల్కీ కింది రేకులోకి నీళ్లు దిగితే రాయి నల్లబడుతుంది. హాల్‌మార్క్ లేదని మాత్రం కంగారు పడొద్దు. రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు నగలకు ఇప్పటికీ అది తప్పనిసరి కాదు. దాన్ని బట్టి వయసు తేలదు కూడా.

దరఖాస్తులో గొప్పకు పోయి ‘నిజాం కాలం నాటిది’ అని రాయకండి, వయసు తగ్గించి అబద్ధమూ రాయకండి. తెలిసినంతే చాలు. ఇంతకీ వందేళ్లు దాటిందని తేలితే ఉంగరం ఇక్కడే ఉండాలి. ఈ చట్టం కింద పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్ నిర్ణయమే అంతిమం.

సర్టిఫికెట్ వచ్చాక ఇంకో పని మిగులుతుంది. ఉంగరాన్ని మళ్లీ వెనక్కి తెచ్చేదుంటే, వెళ్లే రోజు కాస్త ముందే చేరుకుని, చెక్-ఇన్ లగేజీలో వేయకుండా కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు సుంకం అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే.