విండోస్ 11కి మారాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే

తిరుపతి గాంధీ రోడ్డు షాపుల్లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక చాలామంది 11కి మారారు. మారండి, కానీ బ్రహ్మోత్సవాల రద్దీలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

11కి మారాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెటప్ మధ్యలో ఆగితే టెన్షన్ పడి మళ్లీ మళ్లీ క్లిక్ చేయొద్దు. ముందు ఆ ఎర్రర్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి. అందులో డాట్‌నెట్ 3.5 (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే విండోస్ భాగం) అని ఉంటే సగం పని అయినట్టే. పాత బిల్లింగ్ ప్రోగ్రాములు చాలా వాటికి అది కావాలి, 11లో మామూలుగా ఆన్‌లో ఉండదు. స్టార్ట్‌లో 'విండోస్ ఫీచర్స్' అని వెతికి, వచ్చే జాబితాలో డాట్‌నెట్ 3.5 పక్క గడి నొక్కండి. టిక్కుకు బదులు నల్లటి చదరం కనిపిస్తుంది, అదీ సరైనదే. ఫైళ్లు నెట్ నుంచి దిగాలి. వైఫై నత్తనడక అయితే ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వండి.

వేరే ఎర్రర్ అయితే సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' చూడండి. బిల్లు ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవరే (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేయాలి. సెటప్ కోసం యాంటీవైరస్ ఆపేయమని కొందరిచ్చే సలహా నాకు నచ్చదు.

ఏదీ కుదరకపోతే డేటా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి 'గో బ్యాక్' నొక్కండి, మళ్లీ విండోస్ 10 వస్తుంది. మామూలుగా 11కి మారిన 10 రోజుల దాకానే ఆ అవకాశం.