తేనెటీగల పెంపకం – 6వ పాఠం: రాణిని మనమే తయారు చేసుకోవడం

పోయిన పాఠంలో పట్టులో గుడ్డు ఏదో, పిల్లపురుగు ఏదో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ పురుగునే రాణిని చేద్దాం. ఇక్కడి లెక్కలు ఇటాలియన్ ఈగలవి.

రాణీ, కూలి ఈగా ఒకే రకం గుడ్డులోంచే వస్తాయి. తేడా అంతా మేతలో ఉంది. మూడు రోజులకు గుడ్డు పగులుతుంది. మొదట్లో పురుగులన్నిటికీ దాది ఈగలు తమ తల గ్రంథుల్లో ఊరే జెల్లీనే పెడతాయి. మూడో రోజు దాటాక కూలి పురుగు మేతలో తేనె, పుప్పొడి కలుస్తాయి. రాణి పురుగు మాత్రం చివరిదాకా రాయల్ జెల్లీలోనే తేలుతుంది. ఈ మేత జన్యువులను మార్చదు, వాటిలో ఏవి పనిచేయాలో మారుస్తుంది. జన్యువుల పనిని మార్చే మిథైల్ అనే రసాయన గుర్తులను డీఎన్ఏ మీద వేసే ఒక ఎంజైమ్‌ను ఆస్ట్రేలియా పరిశోధకులు పిల్లపురుగుల్లో అణిచేస్తే, చాలా పురుగులు రాణుల్లా నిండు అండాశయాలతో పెరిగాయి. 2008లో వచ్చిన ఫలితం అది.

కాబట్టి మనకు కావలసింది 24 గంటలు దాటని పురుగు. దాన్ని పట్టులోంచి ఎత్తి చిన్న మైనం గిన్నెలో వేస్తే, ఈగలు ఆ గిన్నెనే రాణి అరగా కడతాయి. నేను మొదటిసారి కంటికి బాగా ఆనుతున్నాయని పెద్ద పురుగుల్ని ఎత్తాను. ఈగలు అరలు కట్టాయి, జెల్లీ పోశాయి, రాణులూ వచ్చాయి. కానీ పొట్టి పొట్టలు, కూలి ఈగ పోలికలు! ఒక్కటీ సరిగా గుడ్లు పెట్టలేదు.

వయసు విషయంలో టెన్షన్ లేకుండా ఉండాలంటే సోమవారం రాణిని ఖాళీ పట్టు మీద బోనులో ఉంచి, మంగళవారం వదలండి. శుక్రవారానికి సరైన పురుగులు దొరుకుతాయి. వెలుతురు భుజం మీదుగా అరల అడుగున పడేలా పట్టు పట్టుకోండి. పాలచుక్కలో తేలే సన్నని కామాలా కనిపిస్తుంది. సూది కొనను దాని వీపు వైపు నుంచి కిందికి పోనిచ్చి, జెల్లీతో సహా ఎత్తి, మైనం గిన్నెలో అదే పక్క పైకి ఉండేలా జార్చండి. తిరగబడితే ఊపిరాడక చస్తుంది. దాన్ని వదిలేసి ఇంకోటి ఎత్తండి. పూర్తయిన గిన్నెల మీద తడిగుడ్డ కప్పండి.

గిన్నెలను బోర్లా ఉండేలా, రాణి లేని, దాది ఈగలు దండిగా ఉన్న పెట్టెలో దించండి. పురుగులు ఎత్తిన పది రోజులకు, అంటే సోమవారం, ఒక్కో అరనూ ఒక్కో చిన్న పెట్టెలోకి మార్చాలి. రాణి గుడ్డు నాటి నుంచి 16 రోజులకే బయటికొస్తుంది, కూలి ఈగకైతే 21 పడుతుంది. మీరు ఆలస్యం చేస్తే, ముందొచ్చిన రాణి మిగతా అరల్లోని రాణులన్నిటినీ పొడిచి చంపేస్తుంది.