రంగు పెన్సిల్ పాఠం 7: గరుకు కాగితం, మళ్లీ

నీడల పాఠం ఈసారి లేదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం నుంచి మీరు పంపిన పనసకాయ బొమ్మలు చూశాక గరుకు కాగితం దగ్గరే ఇంకోసారి ఆగాలనిపించింది. దాదాపు అందరిదీ ఒకటే ఇబ్బంది. రంగు మధ్యలో తెల్ల చుక్కలు మిగిలాయి, వాటిని మూసేద్దామని గట్టిగా నొక్కారు. నొక్కిన చోట కాగితం మెరిసింది, దాని మీద వేసిన ఆకుపచ్చ జారిపోయింది.

స్కెచ్ వేసుకోవడం, కాగితాన్ని బోర్డుకి అంటించడం మీకు వచ్చు. నేరుగా ఈ నొక్కుడు సంగతికే వస్తాను.

గరుకు అంటే కాగితం నిండా సన్నటి మిట్టలు, పల్లాలు. తెల్ల చుక్క అంటే రంగు అందని పల్లం. అరిగిన మొన మిట్టల మీదే తిరుగుతుంది, ఎంత నొక్కినా పల్లం అడుగుకి దిగదు. పైగా మన పెన్సిళ్లలో రంగుపొడిని పట్టి ఉంచేది మైనమో నూనో. నొక్కేకొద్దీ మిట్టలు అణిగి, వాటి మీద ఆ మైనం పొరలా పరుచుకుంటుంది. ఇక తర్వాతి రంగుకి పట్టు దొరకదు. చుక్క మాత్రం అలాగే ఉంటుంది! రబ్బరుతో రుద్దితే పోదు, పైగా కాగితం పీచు లేస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: చుక్క కనిపిస్తే చెయ్యి బరువు పెంచకండి, మొన చెక్కండి. సన్నటి మొనతో, పెన్సిల్‌ని వెనక వైపు పట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పొర మీద పొర వెయ్యండి. ఒక్కో పొరకి దిశ మార్చండి. గరుకు మీద మొన తొందరగా అరుగుతుంది కాబట్టి షార్ప్‌నర్ చేతికి అందేలా ఉంచుకోండి.

మీరు నొక్కుతున్నారో లేదో తెలియాలంటే కాగితం వెనక్కి తిప్పి వేలితో తడమండి. గీతలు చేతికి తగిలితే నొక్కినట్టే. వానాకాలంలో చెమ్మ పట్టిన కాగితం ఇంకా తొందరగా నొక్కుకుపోతుంది, ప్లాస్టిక్ కవర్లో దాచండి.

300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు, అంటే మందపాటి) కోల్డ్ ప్రెస్ (గరుకు రకం) వాటర్‌కలర్ కాగితం కొన్నవాళ్లకి నాకిష్టమైన దగ్గరిదారి ఒకటుంది. ముందు పలచటి వాటర్‌కలర్‌తో లేత పసుపుపచ్చ పూత వేసి, పూర్తిగా ఆరనివ్వండి. పల్లాల్లోకి రంగు ముందే చేరిపోతుంది, ఆపైన పెన్సిల్. కేన్సన్ కంపెనీ మి-టేంట్ కాగితం వాడేవాళ్లు ఇది చెయ్యొద్దు. అది 160 జీఎస్ఎం, తడికి ముడుచుకుంటుంది. దానికి ఒక వైపు తేనెపట్టు గళ్లలాంటి గరుకు, రెండో వైపు కాస్త నునుపు. కాయ తొక్క మీద గళ్లు పడ్డాయని బాధపడినవాళ్లు తిప్పి వెయ్యండి.

అన్ని చుక్కల్నీ మూసెయ్యాలనీ లేదు. పనస తొక్కకి, రాతిగోడకి, పొగమంచులో మహేంద్రగిరికి అవే అందం. పర్లాకిమిడి కొమ్ము దువ్వెన నల్లటి నిగనిగ కావాలంటే మాత్రం ఈ కాగితం వద్దు, నున్నటి హాట్ ప్రెస్ తీసుకోండి. గరుకు మీద నిగనిగ కోసం కుస్తీ పట్టడం నాకు నచ్చదు.

అభ్యాసం: అదే పనసకాయ, అరచేతంత ముక్క చాలు. లేత పసుపు, ఆకుపచ్చ, గోధుమ, ముదురు నీలం, ఈ నాలుగే రంగులు. నలుపు ముట్టుకోకండి, గోధుమ మీద నీలం వేస్తే ముళ్ల సందుల్లో చీకటి వస్తుంది. కనీసం ఎనిమిది పొరలు పడాలి. ఒక్కరోజులో అవ్వదు, టెన్షన్ పడకండి. పంపేటప్పుడు కాగితం వెనక వైపు ఫొటో కూడా, పక్క నుంచి వెలుతురు పడేలా తీసి పంపండి. ముందు నేను చూసేది అదే.