గ్రాంటు దరఖాస్తుకు ముందు పంటల క్యాలెండర్ తెరవండి

వ్యవసాయం, పోషకాహారంలో కొత్త ప్రయత్నాలకు గ్రాంటు ఇచ్చేవాళ్లు మీ ఆలోచన ఎంత గొప్పదో చూడరు. తమ డబ్బు ఖర్చయ్యాక ఇప్పటిదాకా తెలియని ఏ సంగతి తేలుతుందో చూస్తారు. అందుకే ముందు ఒక్క ప్రశ్న రాసుకోండి. ఉదాహరణకు: "ఈ ధాన్యం ఆరబెట్టే యంత్రాన్ని మొదటి ఏడాది అద్దెకు వాడిన రైతులు రెండో ఏడాది కూడా డబ్బిచ్చి వాడతారా?" దీనికి "వాడరు" అనే జవాబు కూడా రావచ్చు, కాబట్టి ఇది అసలైన ప్రశ్న. ఎటు తిప్పినా "అవును" అనే వచ్చేదాన్ని ప్రచారం అంటారు.

తర్వాత మీ దశకు తగ్గ గ్రాంటు వెతకండి. గేట్స్ ఫౌండేషన్ 2008లో మొదలుపెట్టిన గ్రాండ్ ఛాలెంజెస్ ఎక్స్‌ప్లోరేషన్స్ రెండు పేజీల దరఖాస్తుతో, ముందస్తు ఫలితాలు అడగకుండా, తొలి దశలో 1,00,000 డాలర్లు ఇచ్చేది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్న ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ఇన్నొవేషన్ యాక్సిలరేటర్ (కొత్త ఆలోచనలను త్వరగా పెంచే విభాగం) పద్ధతి వేరు: అక్కడ బూట్‌క్యాంప్ (కొద్ది రోజుల గట్టి శిక్షణ), మెంటార్లు (దారి చూపే అనుభవజ్ఞులు), పరీక్షకు సిద్ధంగా ఉన్న నమూనా ముఖ్యం. కాగితం మీది ఆలోచనతో రెండో రకం చోటికి వెళ్తే మొదటి జల్లెడలోనే పోతారు. మొత్తాలు, షరతులు మారుతుంటాయి కాబట్టి తాజా ప్రకటననే నమ్మండి.

ఇక క్యాలెండర్. ఎంపికైన రోజుకూ డబ్బు చేతికందే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. విత్తే కాలం దాటాక మొదటి విడత వస్తే, 18 నెలల ప్రాజెక్టులో ఒక పంట పోయినట్టే. కాబట్టి విత్తే నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి: ఎథిక్స్ కమిటీ (మనుషులతో చేసే అధ్యయనాలను పరిశీలించే సంఘం) అనుమతి, సర్వే సిబ్బంది శిక్షణ, విత్తనం. విత్తనంలోనూ తేడా ఉంది. గింజల్ని సంచిలో దాచవచ్చు. విటమిన్ ఎ కోసం నాటే నారింజ రంగు చిలగడదుంపకు తీగ ముక్కలు కావాలి, అవి కోసిన కొద్ది రోజులకే వాడిపోతాయి. నర్సరీలో పెంచడానికి పట్టే నెలల్ని ప్రణాళికలో రాయనివాళ్లే ఎక్కువ.

దిగుబడి పెరిగితే పోషణ పెరిగినట్టే అని రాసే దరఖాస్తులు చాలా వస్తాయి, చాలా తిరిగి వెళ్తాయి. పెరిగిన పంట అమ్ముడైపోవచ్చు, లేదా ఇంట్లోనే ఉన్నా తల్లికీ బిడ్డకూ చేరకపోవచ్చు. పండింది, ఇంట్లో మిగిలింది, వండారు, తిన్నారు: నాలుగింటినీ విడిగా కొలవండి. చివరి మెట్టుకు అందరూ ఒప్పుకున్న కొలత ఉంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను నిన్న పగలూ రాత్రీ ఏం తిన్నారో అడిగి, 10 ఆహార వర్గాల్లో కనీసం 5 తిన్నవాళ్లు ఎంత శాతమో చూస్తారు. మొదటి సర్వే కోతలకు ముందు తిండి గింజలు తక్కువగా ఉండే నెలల్లో, చివరిది కోతల తర్వాత చేస్తే కనిపించే మెరుగుదల కోతలది, మీది కాదు. రెండూ ఒకే నెలలో చేయండి. పిల్లల ఎత్తు పెరుగుతుందని ఏడాదిన్నర ప్రాజెక్టులో మాత్రం మాటివ్వకండి.

ఎంతమందిని అడగాలన్న దాంట్లోనూ ఒక ఉచ్చు ఉంది. ఒక ఊరి రైతులది ఒకే నేల, ఒకే వాన, ఒకే డీలరు. అందుకే వాళ్ల జవాబులు ఒకేలా ఉంటాయి. ఈ పోలికను కొలిచే గుణకం (ఏ పోలికా లేకపోతే 0, అందరిదీ ఒకే జవాబైతే 1) 0.05 అనుకుందాం. 10 ఊళ్లలో 20 మంది చొప్పున 200 మందిని అడిగితే, అది సుమారు 100 మంది విడి రైతులను అడిగినట్టు. అదే 200 మందిని 2 ఊళ్లలోనే తీసుకుంటే 34 మందితో సమానం. ప్రయాణ ఖర్చు మిగులుతుందని రెండో దారి పట్టి, ఆఖరికి ఏదీ తేల్చలేకపోతారు.

బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం, సర్వే ఖర్చు, మారకం రేటు, ఆ రేటు తేదీ కచ్చితంగా ఉండాలి. కార్యాలయ ఖర్చులకు ఎంత శాతం దాకా ఒప్పుకుంటారో ముందే చూసుకోండి. ధర గురించి తేల్చాలనుకుంటే పరికరాన్ని ఉచితంగా పంచకండి. ఉచితంగా తీసుకున్నవాళ్ల సంఖ్య కొనేవాళ్ల గురించి ఏమీ చెప్పదు.

మెంటార్‌తో గంట దొరికితే అరగంట స్లయిడ్లకే పోగొట్టుకునే జట్లు బోలెడు. రెండు రోజుల ముందే ఒక పేజీ పంపండి: గత నెల ఏం చేశాం, ఏ అంకె వచ్చింది, ఏ నిర్ణయం దగ్గర ఆగాం. సలహా కన్నా పరిచయాలు అడగడం ఎక్కువ పనికొస్తుంది. విత్తన కంపెనీలో ఎవరు, ఆహార ప్రమాణాల కార్యాలయంలో ఎవరు అని. వ్యాపార అనుభవం ఉన్న మెంటార్ పొలం ఫలితాలు రాకముందే అమ్మకాలు మొదలుపెట్టమంటే, వద్దని చెప్పడానికి మొహమాటపడకండి. మేధో సంపత్తి హక్కులు (ఆలోచన, నమూనాల మీద హక్కులు) ఎవరివో మొదటి సమావేశానికి ముందే కాగితం మీద ఉండాలి.

వాన మొహం చాటేసినా, సరఫరాదారు తప్పుకున్నా నివేదిక గడువు దాకా ఆగకండి. ఆ వారమే గ్రాంటు అధికారికి రాయండి: ఏం జరిగింది, ఏ మైలురాయి ఆలస్యమవుతుంది, ఏ పద్దు నుంచి ఏ పద్దుకు ఎంత మార్చాలి. రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే ఖర్చుపెట్టండి. ముందే ఖర్చుచేసి తర్వాత అడిగితే ఆ మొత్తం ఆడిట్‌లో మీ నెత్తిన పడుతుంది.