పిలిస్తే పలకని కుక్కపిల్ల

మా కుక్కపిల్లకి 4 నెలలు. గుమ్మం దాటితే చాలు, ఆకు కదిలినా అటే చూపు. తప్పు నాదే: పేరు పదే పదే పిలిచి, ఆ పిలుపుకి విలువ లేకుండా చేశాను.

పిలవడం మానేశాను. చప్పుడు లేని గదిలో ఊరికే నిలబడేవాణ్ణి. అది తనంతట తాను నా కళ్లలోకి చూసిన క్షణంలోనే ‘శభాష్’ అని, వెంటనే చిన్న తిండి ముక్క. ముక్క ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి అర్థం కాదు. మొదటిరోజు నేను బోల్తాపడింది అక్కడే. ఒక్కో విడత సాధన 3 నిమిషాలే, అంతకుమించితే దానికి విసుగు.

తర్వాత వరండా, ఆపైన వీధి. వీధిలో కథ మళ్లీ మొదటికొచ్చింది. వేరే కుక్క కనిపించినా నావైపు తిరగగలిగేంత దూరంలో నిలబడితే కుదిరింది. రోజురోజుకీ కొన్ని అడుగులు దగ్గరయ్యాం.

ఇప్పుడు పిల్లి ఎదురైతే ముందు పిల్లిని, తర్వాత నన్ను చూస్తోంది.