అడ్డసరం ఆకులో ఏముంది? 3వ భాగం: ఆల్కలాయిడ్‌ని బయటికి లాగడం

పోయిన భాగంలో టానిన్లు (ఆకుకి వగరునిచ్చేవి), సపోనిన్లు (నురగనిచ్చేవి) చూశాం కదా. ఇనప మేకులు నానబెట్టిన వెనిగర్ వేస్తే కషాయం ఎంత నల్లబడింది, సీసా ఊపితే నురగ ఎంతసేపు నిలబడింది, అవి నోట్‌బుక్‌లో రాసుకున్నాకే ఇది మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ టానిన్ ఇవాళ కూడా అడ్డం వస్తుంది.

ఇవాళ మనకి కావాల్సింది వాసిసిన్ అనే ఆల్కలాయిడ్, అంటే మొక్కల్లో దొరికే, నైట్రోజన్ ఉన్న క్షార పదార్థం. 1888లో హూపర్ అనే ఆయన ఈ ఆకు నుంచే దీన్ని వేరు చేశాడు. ఒక్కో అణువులో 11 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 1 ఆక్సిజన్ ఉంటాయి. దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్ దీన్ని ఆధారం చేసుకుని తయారైందే. గాలి తగిలేకొద్దీ వాసిసిన్ కొంత కొంత వాసిసినోన్‌గా మారిపోతుంది, మొదటి భాగంలో ఆకు పొడిని గాలి దూరని సీసాలో పెట్టమని అంతగా చెప్పింది అందుకే.

ఇక పట్టుకోవాల్సిన సూత్రం ఒకటే. నైట్రోజన్ వల్ల ఆల్కలాయిడ్‌కి క్షార గుణం ఉంటుంది కాబట్టి ఆమ్లం తగిలితే లవణమై నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లలో క్షారం కలిపితే లవణం విడిపోయి ఆల్కలాయిడ్ నీళ్లని వదిలి క్లోరోఫాం లాంటి ద్రావకంలోకి వెళ్లిపోతుంది. ఆకుల్లోంచి ఆల్కలాయిడ్లు తీసే పద్ధతులు చాలావరకు ఈ రాకపోకల మీదే నడుస్తాయి, ఇది బుర్రలోకి ఎక్కేదాకా ముందుకి వెళ్లకండి.

5 గ్రాముల పొడిలో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి గోరువెచ్చగా ఓ పావుగంట ఉంచి, చల్లారాక ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. మరిగించొద్దు. నేను మొదటిసారి తెర్లకాగబెట్టేశాను, అయోడిన్ చుక్క పడగానే మొత్తం నీలి నలుపు అయిపోయింది, అది ఆల్కలాయిడ్ కాదు, ఆకులోని పిండిపదార్థం. ఆ నీలంలో అసలు రంగు కనపడనే కనపడదు.

ఇప్పుడు వాగ్నర్ రియేజెంట్, అంటే ఆల్కలాయిడ్ ఉంటే మడ్డి దింపే అయోడిన్ ద్రావణం. 2 గ్రాముల పొటాషియం అయోడైడ్ కొంచెం నీళ్లలో ముందు కరిగించి, అందులో 1.27 గ్రాముల అయోడిన్ వేసి పూర్తిగా కరిగాక నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేయండి. ఈ వరస మార్చకండి, అయోడిన్ ఒట్టి నీళ్లలో దాదాపు కరగదు, అయోడైడ్ తోడుంటేనే కరుగుతుంది. గాయాలకి రాసే పోవిడోన్ అయోడిన్ ఇక్కడ పనికిరాదు, అందులో అయోడిన్ పాలిమర్‌కి అతుక్కుని ఉంటుంది. ఆల్కలాయిడ్లకే వాడే ఇంకో ద్రావణం మేయర్ రియేజెంట్‌లో పాదరసం ఉంటుంది కాబట్టి ఇంట్లో దాని జోలికి అస్సలు వెళ్లొద్దు.

మూడు టెస్ట్ ట్యూబులు పెట్టుకోండి. ఒకదాంట్లో అడ్డసరం వడపోత, రెండోదాంట్లో ఉత్త వెనిగర్, మూడోదాంట్లో ఇదే పద్ధతిలో తీసిన మామూలు గడ్డి వడపోత, అన్నిటికీ రెండేసి చుక్కలు. మొదటిదాంట్లో ఎర్రటి గోధుమరంగు మడ్డి దిగి మిగతా రెండిట్లో దిగకపోతేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి. మిగతా రెండు ట్యూబులు లేకుండా ఒక్కదాంట్లో మడ్డి చూసేసి ఆల్కలాయిడ్ ఉందని రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ప్రోటీన్లు, టానిన్లు కూడా ఇలాంటి మడ్డే ఇవ్వగలవు.

ఆ అనుమానం తీరాలంటే సూత్రంలోని రెండో సగం చేయాలి, అది మాత్రం ల్యాబ్‌లోనే, పక్కన తెలిసినవాళ్లు ఉండగానే. వడపోతలో అమ్మోనియా చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 9 దాటించి, సెపరేటింగ్ ఫనెల్‌లో (కింద కుళాయి ఉండే గరాటు) క్లోరోఫాంతో మెల్లగా ఊపండి, మధ్యమధ్యలో గ్యాస్ వదలండి. క్లోరోఫాం బరువు కాబట్టి కింద పొరగా నిలుస్తుంది. ఆ కింది పొర తీసి కొత్తగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఊపితే ఆల్కలాయిడ్ మళ్లీ నీళ్లలోకి వస్తుంది, టానిన్లు, ప్రోటీన్లు చాలావరకు వెనకే ఉండిపోయాయి కదా, ఈ నీళ్లలో వాగ్నర్ మడ్డి దిగితే అప్పుడు నమ్మొచ్చు. అయినా అది వాసిసినా వాసిసినోనా అన్నది ఇక్కడ తేలదు, రెండూ ఇదే మడ్డి ఇస్తాయి.

ఈ వడపోతలేవీ నోట్లో పెట్టొద్దు. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, గర్భిణులు ఈ ఆకు మందుగా కూడా సొంతంగా వాడకూడదు.

చివరికి వచ్చిన ఆమ్లపు నీళ్లలో 5 మిల్లీలీటర్లు చిన్న సీసాలో పోసి, తేదీ రాసి, చీకట్లో చల్లగా దాచండి. వాసిసిన్‌నీ వాసిసినోన్‌నీ విడదీయడానికి 4వ భాగంలో టీఎల్‌సీ (పలచటి పొర మీద పదార్థాలని విడదీసే పద్ధతి) ప్లేట్ మీద చుక్క పెట్టేది దీంతోనే.