ఫోన్ లైను బ్రాడ్‌బ్యాండ్ నెమ్మదిస్తే నాయిస్ మార్జిన్ చూడండి

టెలిఫోన్ తీగ మీద వచ్చే ఏడీఎస్ఎల్, వీడీఎస్ఎల్ కనెక్షన్ వేగం ఉన్నట్టుండి పడిపోయి, రోజులు గడిచినా పెరగకపోతే నాయిస్ మార్జిన్‌ను, అంటే లైను మీది విద్యుత్ రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఎంత వెసులుబాటు మిగిలి ఉందో చెప్పే అంకెను, పరిశీలించాలి. కంప్యూటర్‌ను కేబుల్‌తో మోడెమ్‌కు కలిపి, బ్రౌజర్‌లో మోడెమ్ చిరునామా (చాలావాటికి 192.168.1.1) తెరిచి, డీఎస్ఎల్ స్టేటస్ పేజీలో డౌన్‌స్ట్రీమ్ (మీవైపు వచ్చే దిశ) ఎస్ఎన్ఆర్ మార్జిన్ (నాయిస్ మార్జిన్‌కే మరో పేరు), సింక్ రేటు (మోడెమ్, ఎక్స్ఛేంజీ మధ్య కుదిరిన వేగం), సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయిన డేటా లెక్క) రాసి పెట్టుకోండి.

కనెక్షన్ కుదిరేటప్పుడు ఉంచాలని ఎక్స్ఛేంజీ వైపు పెట్టుకునే లక్ష్య మార్జిన్ సాధారణంగా 6 డెసిబెల్స్ ఉంటుంది. అది 9, 12 లేదా 15కు చేరి, సింక్ రేటు మునుపటికన్నా తగ్గి ఉంటే, లైను తరచూ తెగుతోందని గమనించిన ఎక్స్ఛేంజీ వ్యవస్థ స్థిరత్వం కోసం వేగాన్ని తగ్గించి ఉండవచ్చు. అయితే ప్లాన్ గరిష్ఠ వేగానికే సింక్ అవుతున్న పొట్టి లైన్లలో మార్జిన్ ఎక్కువగా కనిపించడం సహజమే. అక్కడ లోపం వెతకనక్కర్లేదు.

మార్జిన్ సెట్టింగు మార్చడం కన్నా ముందు లైను మీది రొదను తగ్గించడమే సరైన క్రమం. ఫోన్ ఎత్తి, ఒక అంకె నొక్కి డయల్ టోన్ ఆగాక చెవి పెట్టి వినండి: చిటపటలు వినిపిస్తే తీగలోనో, అతుకులోనో లోపం ఉంది. ఎక్స్‌టెన్షన్ తీగలన్నీ తీసేసి, మోడెమ్‌ను ఇంట్లోకి లైను వచ్చే మొదటి సాకెట్‌కే తగిలించండి. ప్రతి ఫోన్‌కూ ఫిల్టర్ (ఫోన్, ఇంటర్నెట్ సిగ్నళ్లను వేరుచేసే చిన్న పరికరం) ఉండాలి. మోడెమ్‌ను పదేపదే ఆపి వేయకండి, ఆ వ్యవస్థ దాన్నీ లైను తెగినట్టే లెక్కించవచ్చు.

కొన్ని రోజులు నిలకడగా నడిచాక, లక్ష్య మార్జిన్‌ను మళ్లీ 6కు తగ్గించమని సర్వీసు సంస్థను కోరండి. కొన్ని మోడెమ్‌లలో మీరే మార్చుకోవచ్చు గానీ, 3 దాకా దించితే రాత్రివేళ రేడియో రొద పెరిగినప్పుడు లైను తెగే ప్రమాదముంది.